బూజు చెక్క, నా బాతుపిల్లలు

సార్వా వరి కోతలయ్యాక మా కొల్లేటి పక్క చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. ఆ మందవాళ్ళ దగ్గర తొమ్మిది గుడ్లు కొని, పొదుగుడు పెట్ట కింద పెట్టాను. కోడిగుడ్లకి 21 రోజులు, వీటికి 28. ఇరవై రెండో రోజున "మురిగిపోయాయి, పారెయ్" అన్న అత్తయ్యగారి మాట నేను వినలేదు. అది మాత్రం నా గొప్పే. ఏడు పిల్లలు దిగాయి.

మూడో వారంలో ఒకటి మేత మానేసింది. కుంటుతూ తిరిగింది, కాళ్ళు ఊదారంగుకి తిరిగాయి, మెడ వెనక్కి విరుచుకుని గిలగిలా కొట్టుకుని పోయింది. మర్నాడు ఇంకోటి. దాన్ని సంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికెళ్ళాను. కాంపౌండరు సంచిలోకి తొంగిచూసి, "ఇంత లేతదాన్ని వైద్యానికి తెచ్చావా తల్లీ, వేపుడుకి తెచ్చావా?" అన్నాడు. గేదెలు పట్టుకొచ్చిన మగాళ్ళంతా పళ్ళికిలించారు. మావారు కూడా! రెండు గంటలు ఆ సంచి పట్టుకుని గోడవార నిలబడ్డాను.

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. కోసి, పాలిపోయిన లివరు చూపించి, "మేతేంటమ్మా?" అన్నారు. నూకల్లో, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క కలుపుతున్నానన్నాను. చెక్కకి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుందట. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు దాంతోనే చచ్చాయట. ఎండబెట్టినా ఉడకబెట్టినా పోదు. బాతుపిల్లలైతే అసలు తట్టుకోలేవు.

కొట్టువాడిని అడిగితే, "ఊళ్ళో గేదెలన్నీ ఇదే తింటున్నాయి, నీ బాతులకే అరగలేదా?" అన్నాడు. గేదె తట్టుకున్నా ఆ విషం పాలల్లోకి దిగుతుందని అక్కడున్న నలుగురికీ వినపడేలా చెప్పి వచ్చాను. మీరూ బస్తా కొనేముందు చెయ్యి అడుక్కి పెట్టి చూడండి, పైన ఎప్పుడూ బాగానే ఉంటుంది.

అప్పటికి ఇంకోటి పోయింది. మిగతా నాలుగింటికీ నూకలు, తాజా తవుడు, కాలవ నత్తలు. బతికాయి. బొంగురు గొంతు, తోక మీద మెలి ఈకలు ఉన్నవి రెండు పోతులు. మొన్న ఆదివారం ఒకదాన్ని కోశాం. ఈకల్లో నూనె ఉంటుంది కాబట్టి సలసలా కాగే నీళ్ళు పోసినా ఓ పట్టాన రాలేదు. తోక మీది నూనె తిత్తి తీసెయ్యకపోతే కూరంతా నీచు వాసనే.

పెట్టలు రెండూ గుడ్లు పెడుతున్నాయి. నిన్న ఆ కాంపౌండరే గుమ్మంలోకొచ్చి, మొలలకి బాతు గుడ్డు మంచిదంట, నాలుగుంటే ఇమ్మన్నాడు. బుట్ట నా చేతిలోనే ఉంది. లేవన్నాను.