నిండా నీళ్ళున్నా ఇవ్వని పొర

బోరు వేసేటప్పుడు పైకొచ్చే రాతిపొడిని మీటరుకో కుప్పగా వరసలో పోయించి, చేత్తో నలిపి చూసి, ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసుకోవడం నా పని. చుట్టూ నిలబడ్డవాళ్ళ చూపు ముందుగా జిగటగా, తడిగా ఉన్న కుప్ప మీదే పడుతుంది. "ఇక్కడే నీళ్ళున్నాయి కదా" అంటారు. నిజమే, ఉన్నాయి. బంకమట్టిలో సగం దాకా ఖాళీలే ఉండొచ్చు. వాటి నిండా నీళ్ళే. కానీ ఆ ఖాళీలు మరీ సన్నవి కావడంతో నీరు రేణువులను అంటిపెట్టుకుని ఉండిపోతుంది. 100 ఘనపు మీటర్ల బంకమట్టి నుంచి తనంతట తాను కారేది సుమారు 2 లేదా 3 ఘనపు మీటర్లు. గులకరాళ్ళ పొరలో ఖాళీలు పావువంతే అయినా, అదే 100 నుంచి 20కి పైగా దిగుతుంది.

అందుకే పొరలను అవి దాచుకున్న నీటిని బట్టి కాదు, వదిలే నీటిని బట్టి, సాగనిచ్చే తీరును బట్టి విడదీస్తారు. ఇసుక, గులక, పగుళ్ళున్న సున్నపురాయి నీటిని బాగా వదిలి, సాగనిస్తాయి, అవి ఆక్విఫర్లు. ఇసుక కలిసిన బంకమట్టి లాంటివి నీటిని నెమ్మదిగా జారనిస్తాయి, అవి ఆక్విటార్డ్‌లు. నీరున్నా దాదాపు కదలనివ్వని గట్టి బంకమట్టి ఆక్విక్లూడ్. నీరూ దారీ రెండూ లేని, పగుళ్ళే లేని గ్రానైట్ ఆక్విఫ్యూజ్. అదే గ్రానైట్ పగిలి, ఆ పగుళ్ళు ఒకదానితో ఒకటి కలిస్తే, ఆక్విఫర్ల జాబితాలోకి వచ్చేస్తుంది.

ఆక్విక్లూడ్ అన్న పేరు నేను వీలైనంత వరకు వాడను. వందల ఏళ్ళ లెక్కన, వందల చదరపు కిలోమీటర్ల మీద చూస్తే ఆ పొర గుండా కూడా నీరు దాటుతూనే ఉంటుంది. పైగా ఈ పేర్లు పక్క పొరలను బట్టి మారతాయి. సన్న ఒండ్రు పొర రెండు బంకమట్టి పొరల మధ్య పడితే ఆ చోటికి అదే ఆక్విఫర్. రెండు గులక పొరల మధ్య పడితే అదే అడ్డు. కాబట్టి ముందు రాయి పేరు రాస్తాను, అది చేసే పని తర్వాత.

నాకు అసలు టెన్షన్ పెట్టేది పైన మూత ఉన్న, అంటే బంకమట్టి లాంటి నీటిని కదలనివ్వని పొర కప్పి ఉన్న ఆక్విఫర్. మూత పొరను చీల్చగానే ఒత్తిడికి నీరు బోరులో పైకి లేస్తుంది, చూసినవాళ్ళు ఎంత నీరుందో అని సంబరపడతారు. లెక్క వేరేలా ఉంటుంది. మూత లేని ఇసుక పొరలో, 1 చదరపు కిలోమీటరు మేర నీటిమట్టం 1 మీటరు తగ్గితే, నూటికి 20 వంతులు కారుతుందనుకున్నా 2 లక్షల ఘనపు మీటర్లు వస్తాయి. మూత ఉన్న పొరలో ఒత్తిడి మట్టం, అంటే బోరులో నీరు లేచి నిలిచే ఎత్తు, అంతే తగ్గితే 200 ఘనపు మీటర్లే రావచ్చు. అక్కడ ఖాళీలు ఖాళీ కావు. ఒత్తిడి తగ్గినప్పుడు రాతి పొర కాస్త నొక్కుకుని, నీరు కాస్త వ్యాకోచించి, అంత మాత్రమే బయటకు వస్తుంది. అందుకే అలాంటి బోరులో మోటారు వేస్తే ఆ ప్రభావం త్వరగా చాలా దూరం పాకి, దూరంగా ఉన్న బోర్లలో కూడా మట్టం పడిపోతుంది.

నా రిపోర్టులో నీరు తగిలిన లోతు పక్కనే అది లేచి నిలిచిన మట్టం కూడా తప్పకుండా రాస్తాను. మొదటిదొక్కటే రాసిన రిపోర్టు చూసి మోటారు సైజు ఎంచుకోవద్దని అడిగినవాళ్ళందరికీ చెబుతాను.