ఎడమకు తిరిగే బండి కోసం

నవంబరులో ఒక శనివారం. ఇంకా తెల్లవారకముందే అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో మా ఇంటి ముందు పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. వెనక అద్దెకు తెచ్చిన ఖాళీ ట్రైలర్. నడుపుతున్నది మా కాకినాడ స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేకపోయినా "బావా" అనే పిలుచుకుంటాం. చీకటి పడేలోగా ఆ ట్రైలర్ మీద నా మొదటి రేసు కారు ఎక్కించుకుని రావాలని మా ప్లాన్.

నార్త్ కరోలినాలో స్టాక్ కారు రేసింగ్ అంటే టీవీలో కనిపించే పెద్ద పోటీలు మాత్రమే కాదు. ఊరూరా కోడిగుడ్డు ఆకారంలో చిన్న ఓవల్ ట్రాకులున్నాయి. శనివారం రాత్రి మెకానిక్కులు, ప్లంబర్లు, స్కూలు టీచర్లు తమ సొంత కార్లు తెచ్చి పోటీ పడతారు. ఒకప్పుడు రోడ్డు మీద తిరిగిన కారే. లోపలి సీట్లు, అద్దాలు అన్నీ పీకేసి, డ్రైవరు చుట్టూ ఇనప గొట్టాలతో పంజరం లాంటిది వెల్డింగ్ చేస్తారు. ట్రాకు మీద ఆ కారు ఎడమవైపుకు మాత్రమే తిరుగుతుంది. రెండేళ్లుగా గ్యాలరీలో కూర్చుని చూస్తున్నాను. నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్‌లో. నాన్నది లారీల షెడ్డు. వెల్డింగ్ వాసన, పానాల చప్పుడు నాకు కొత్త కాదు. అక్కడికి వెళ్లినప్పుడల్లా చూసి వచ్చేయడం నా వల్ల కాలేదు.

నవంబరులోనే ఎందుకంటే, సీజన్ అప్పుడే ముగుస్తుంది. వచ్చే ఏడాది పెద్ద క్లాసుకు, అంటే ఇంకా బలమైన కార్ల పోటీకి వెళ్లాలనుకునేవాళ్లు పాత కారు అమ్మకానికి పెట్టేది ఈ రోజుల్లోనే. నా దగ్గర 8,000 డాలర్లున్నాయి. అంతా కారుకే పెట్టకూడదని ముందే అనుకున్నాను. హెల్మెట్, మంటలు అంటుకోని సూట్, సీటు, బెల్టులు అన్నీ అందులోనే రావాలి.

16వ నంబరు రహదారి మీద ఉత్తరానికి వెళ్లాం. మొదటి కారు హికరీ అనే ఊరి దగ్గర. అక్కడి ట్రాకు 1951 నుంచి నడుస్తోంది. ఒక చుట్టు మైలులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ దేశపు పెద్ద పెద్ద డ్రైవర్లు చాలామంది తొలి రోజుల్లో అక్కడ తిరిగినవాళ్లే. గేట్లు మూసి ఉన్నాయి. అయినా రోడ్డు పక్కన ఒక నిమిషం ఆపించాను.

ఆ కారు 1980ల నాటి షెవర్లే మాంటే కార్లో. ఎరుపు, తెలుపు రంగులు. 350 ఘనపు అంగుళాల వీ-8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్. తాళం తిప్పగానే షెడ్డు రేకులు అదిరాయి. నా మనసు అక్కడే పడిపోయింది. ఎన్నాళ్లుగానో కలగన్నది అలాంటి కారునే. బావ నా మొహం చూసి, ఏమీ అనకుండా ఫోను తీసి నాన్నకు వీడియో కాల్ కలిపాడు. విజయవాడలో రాత్రి ఏడు దాటింది.

"ఒరేయ్, కలర్ తర్వాత. ముందు కింద పడుకో" అన్నాడు నాన్న.

టార్చి పట్టుకుని కిందికి దూరాను. ముందు చక్రాల దగ్గర చాసిస్ పైన చిన్న ముడతలు. కొత్త నల్ల పెయింటు వాటిని పూర్తిగా దాచలేకపోయింది. కుడి ముందు భాగం గోడకు గట్టిగా తగిలిన బండి అది. టేపు తీసి చాసిస్‌ను మూలకు మూల కొలిచాం. రెండు కొలతలకూ అంగుళం పైగా తేడా. పంజరం గొట్టానికి ఒకచోట అతుకు వేసి, పైన పుట్టీ రాసి రంగు కొట్టారు. "ఆ అతుకు దగ్గర గీకి చూడు" అన్నాడు నాన్న. గీకితే తుప్పు. ప్రాణం కాపాడాల్సిన గొట్టం అది. సీటు బెల్టుల మీద తయారీ తేదీ చీటీ కుట్టి ఉంటుంది. ఇక్కడ రేసు బెల్టులను సాధారణంగా ఆ తేదీ నుంచి రెండేళ్లే లెక్కలోకి తీసుకుంటారు. వీటికి అయిదేళ్లు నిండాయి. అమ్మే మనిషి మాత్రం "రేపే రేసుకు తీసుకెళ్లొచ్చు" అంటూనే ఉన్నాడు. 7,500 డాలర్లు అడిగాడు. నమస్కారం పెట్టి వచ్చేశాం. ట్రక్కులో చాలాసేపు నేను మాట్లాడలేదు.

బెల్టుల్లాంటి రక్షణ సంగతులు నాకు ఎందుకంత పట్టింపో చెప్పాలి. షార్లెట్‌కు దగ్గర్లోనే కన్నాపోలిస్ అనే ఊరుంది. స్టాక్ కారు రేసింగులో పేరుమోసిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ పుట్టిన ఊరు. అక్కడ ఆయన విగ్రహం ఉంది. 2001 ఫిబ్రవరి 18న ఫ్లోరిడాలోని డేటోనా ట్రాకులో ఆఖరి చుట్టులో గోడకు కొట్టుకుని చనిపోయాడు. తల ఒక్కసారిగా ముందుకు విసిరినట్టు కదలడంతో పుర్రె అడుగుభాగం విరిగింది. ఆ ఏడాది అక్టోబరులో, స్టాక్ కారు పోటీలు నడిపే సంస్థ నాస్కార్ తన పెద్ద పోటీల్లో తలను, మెడను ఆపి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేసింది. చిన్న ట్రాకులో వేగం తక్కువ కావచ్చు, గోడ మాత్రం అదే కాంక్రీటు. మా ఇంట్లో మా ఆవిడ ఒప్పుకున్నది కూడా ఆ పరికరం, కొత్త బెల్టులు, సరైన సీటు లేకుండా కారు స్టార్ట్ చేయనని మాట ఇచ్చాకే.

టేలర్స్‌విల్ దాటాక దారి బ్రషీ కొండల్లోకి ఎక్కుతుంది. ఆకులు రాలిన ఆపిల్ తోటలు, మలుపు మీద మలుపు. కొండ దిగితే విల్క్స్ కౌంటీ. ఒకప్పుడు ఇక్కడ నాటుసారా కాచి, రాత్రిళ్లు ఈ మలుపుల్లోనే పోలీసులకు దొరక్కుండా కార్లలో తరలించేవాళ్లు. బయటికి మామూలు కారు, లోపల బలమైన ఇంజన్, బరువు మోయడానికి గట్టి స్ప్రింగులు. ఎవరి కారు వేగమో తేల్చుకునే పందేలు కూడా ఈ ఆటకు ఒక మూలం. ఈ కౌంటీ మనిషి జూనియర్ జాన్సన్ సారా కేసులో జైలుకు వెళ్లాడు, పెద్ద పోటీల్లో 50 రేసులు గెలిచాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకు క్షమాభిక్ష ఇచ్చాడు. ఆ మలుపుల్లో ట్రైలర్ లాగుతూ బావ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకున్నాడు.

రెండో కారు ఒక పెద్దాయన షెడ్డులో ఉంది. నాలుగు సిలిండర్ల ఫోర్డ్ మస్టాంగ్, 2.3 లీటర్ల ఇంజన్. నీలం రంగు వెలిసిపోయింది, తలుపుల మీద సొట్టలు. మనవడు పెద్ద క్లాసుకు వెళ్తున్నాడని అమ్ముతున్నాడు. మేం వెళ్లేసరికే బానెట్ తీసేసి, నాలుగు చక్రాలూ విప్పి, కారును స్టాండ్ల మీద నిలబెట్టాడు. మేం అడగకముందే టార్చి నా చేతికిచ్చాడు.

చాసిస్ మూలకు మూల సమానం. వెల్డింగులు శుభ్రం. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ చూశాం. 165, 160, 160, 165. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికంటే నాలుగూ దగ్గరగా ఉండటం ముఖ్యం. ఇంజన్ స్టార్ట్ చేసి ఫోను దగ్గర పెడితే నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. "టాపెట్ల చప్పుడు లేదు. ఈ బండిని చూసుకున్నవాళ్లు చూసుకున్నార్రా" అన్నాడు.

తర్వాత ఆ పెద్దాయన టైర్లు చూపించాడు. వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికంటే అంగుళంన్నర ఎక్కువ. వెనక ఇరుసు రెండు చక్రాలనూ కలిపే తిప్పుతుంది, మామూలు కారులాగా వేరువేరుగా తిరగనివ్వదు. కుడిది పెద్దదైతే బండి తనంతట తానే ఎడమకు తిరగాలని చూస్తుంది. మనింట్లో అంచు వెడల్పుగా, అడుగు సన్నగా ఉండే స్టీలు గ్లాసును నేల మీద దొర్లిస్తే గుండ్రంగా తిరుగుతుందే, అదే సంగతి. ఆ తేడా ఎంతుండాలన్నది ట్రాకును బట్టి, టైర్ల అరుగుదలను బట్టి మారుతుంది. చక్రాలు బిగించాక నన్ను కారులో కూర్చోబెట్టి నాలుగు చక్రాల కిందా తూకం పళ్లేలు పెట్టాడు. మొత్తం 2,480 పౌండ్లు, అందులో 53 శాతం ఎడమ పక్క. డ్రైవరు కూర్చోకుండా తూచిన బరువుకు అర్థం లేదట.

ఆ కారులో నాకు అన్నిటికన్నా విలువైనది దాని నోటు పుస్తకం. మూడేళ్ల రేసులు అందులో ఉన్నాయి. ఏ రోజు ఏ టైరులో ఎంత గాలి, ఏ స్ప్రింగు, మలుపులో వెనక జారిందా, ముందు తిరగనందా, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. మొదటిసారి కొనేవాడికి రంగు కంటే, గుర్రపు శక్తి కంటే అది అవసరమని నా నమ్మకం. ఏది మారిస్తే ఏమవుతుందో తెలియని నాలాంటివాడు కనీసం మొదలుపెట్టాల్సిన చోటు తెలుసుకుంటాడు. బెల్టులు ఆయనే పీకి పారేశాడు. "ఇవి నీకు అమ్మను, కొత్తవి కొనుక్కో" అన్నాడు. సీటు కూడా మనవడి కొలతది, నాకు పక్కటెముకల దగ్గర వదులు. మార్చాల్సిందే.

5,200 అడిగాడు, 4,800కు ఒప్పుకున్నాడు. ఎనిమిది చక్రాలు, రెండు స్పేర్ స్ట్రట్లు, ఒక హబ్బు, పెట్టెడు కార్బ్యురేటర్ జెట్లు కలిపి. వీ-8 కోసం బయల్దేరినవాణ్ణి. ఆ నాలుగు సిలిండర్ల కారు చుట్టూ ఇంకోసారి తిరిగాను. "బావా, ఇంకేం ఆలోచిస్తావ్, తీసుకో" అన్నాడు మావాడు. రేసు కారుకు రోడ్డు కాగితాలు ఉండవు కాబట్టి చాసిస్ నంబరు వేసి అమ్మకం రసీదు రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం.

ఎక్కించడమే కష్టమైంది. కారు ముందు భాగం నేలకు చాలా దగ్గర, ర్యాంపు మొదట్లోనే తగిలింది. పెద్దాయన చెక్క పలకలు తెచ్చి వాలు పొడిగించాడు. చేతి వించీతో అంగుళం అంగుళం లాగాం. బరువు కాస్త ముందుకుండేలా నిలిపి, నాలుగు మూలలా పట్టీలు బిగించాం.

421వ నంబరు రహదారి మీద కొద్దిదూరం రాగానే నార్త్ విల్క్స్‌బరో స్పీడ్‌వే కనిపించింది. పట్టీలు మళ్లీ బిగించడానికి ఎలాగూ ఆపాలి, అక్కడే ఆపాం. 1947లో మొదలైన ట్రాకు. ఒక పక్క నేరు దారి పల్లం, అవతలి పక్కది ఎత్తు. 1996 తర్వాత పెద్ద పోటీలు తీసేశారు, గ్యాలరీల్లో గడ్డి మొలిచింది. 2023 మేలో నాస్కార్ ఆల్‌స్టార్ రేసుతో మళ్లీ జనం నిండారు. పొద్దు వాలుతోంది. ట్రైలర్ మీద నీలం కారు, దాని వెనక ఆ పాత గోడలు. ఫొటో తీసి నాన్నకు పంపాను.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. విజయవాడలో పొద్దున ఆరు. నాన్న అప్పటికే కాఫీ గ్లాసు పట్టుకుని వీడియోలోకి వచ్చేశాడు. కారులో బెల్టులు లేవు కాబట్టి, మాట ఇచ్చాను కాబట్టి, ఇంజన్ ముట్టుకోలేదు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ పట్టుకుంటే, బావ, మా ఆవిడ, పక్కింటి అబ్బాయి వెనక నుంచి తోశారు. గ్యారేజీ తలుపు దగ్గర కారు కుడి పక్క తగిలేలా ఉంది. ఫోన్లోంచి నాన్న అరుస్తున్నాడు, "ఎడమకి కొయ్యరా, ఇంకా ఎడమకి!"