పియానో పోటీకి మూడు రచనలు ఎంచుకోవడం: నా అనుభవం

పోటీ నిబంధనలు ఒక్క పేజీలోనే ఉన్నాయి. బాఖ్ రాసిన ప్రెల్యూడ్ (ముందుమాటలాంటి చిన్న రచన), ఫ్యూగ్ (ఒకే స్వరాంశాన్ని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) జంట ఒకటి, హైడన్, మొజార్ట్, బేతోవెన్‌లలో ఎవరిదైనా ఒక సొనాటా (పలు భాగాలుగా సాగే వాద్యరచన)లోని మొదటి భాగం, పందొమ్మిదో శతాబ్దపు రచన ఒకటి వాయించాలి. అన్నీ కలిపి 20 నిమిషాలు దాటితే గంట కొట్టి ఆపేస్తారు. హైదరాబాద్‌లో లండన్ ట్రినిటీ కాలేజీ నిర్వహించే సంగీత గ్రేడ్ పరీక్షలు రాస్తూ నేర్చుకున్న నాకు సిలబస్‌లో ఇచ్చినవాటి నుంచి ఏరుకోవడమే అలవాటు కాని, కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరి వరకు నేనే కూర్చుకోవలసిన అవసరం అంతవరకు రాలేదు. బెంగళూరులో జరిగే ఆ పోటీకి ఐదు నెలల గడువుంది. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు గంటన్నరకు మించి సాధన చేయలేను.

మొదటి రోజే ఒక జాబితా రాసుకున్నాను. 1722 నాటి వెల్-టెంపర్డ్ క్లావియర్ అనే బాఖ్ సంకలనం మొదటి సంపుటం నుంచి సి మైనర్ (గంభీరమైన ఛాయ ఉండే స్వరశ్రేణి) జంట, 1799లో అచ్చయిన బేతోవెన్ పతెటిక్ సొనాటా మొదటి భాగం, చివర షోపాన్ మొదటి బలాడ్ (కథ చెబుతున్నట్టు సాగే పియానో రచన). బలాడ్ వాయించాలన్నది పదిహేనేళ్ల వయసు నుంచి నా కోరిక కాబట్టి మిగతా రెండింటినీ దానికి తగ్గట్టే ఎంచుకున్నాను. జాబితా చూసి పియానో నేర్పే మా మేడమ్ ఒక్కటే అడిగారు: "ఈ మూడూ కలిపి ఎప్పుడైనా ఆపకుండా వాయించావా అమ్మా?"

ఆ ఆదివారం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వాయిస్తే 22 నిమిషాలు పట్టింది. పతెటిక్‌లో ఎక్స్‌పోజిషన్‌ను (ముఖ్య స్వరాంశాలను పరిచయం చేసే విభాగాన్ని) రెండోసారి వాయించకుండా వదిలేస్తే గడువుకు దగ్గరగా వస్తుందని సర్దిచెప్పుకున్నాను కాని, అసలు చిక్కు నిమిషాల్లో లేదు. బలాడ్‌లో 208వ బార్ (తాళ విభాగం) నుంచి 264వ బార్ వరకు సాగే ప్రెస్టో కాన్ ఫ్వోకో (నిప్పులాంటి ఉద్వేగంతో, చాలా వేగంగా) భాగం, కుడిచేయి గెంతుతూ, ఎడమచేయి మంద్రస్వరానికీ స్వరగుచ్ఛానికీ మధ్య తిరుగుతూ ఉండగా, అప్పటికే పావుగంటకు పైగా వాయించి అలసిన చేతులతో మొదలవుతుంది. విడిగా వాయించినప్పుడే నాకు అది ఉండవలసిన వేగంలో మూడింట రెండు వంతులే వచ్చేది. ఐదు నెలల్లో సాధించగలనని రెండు వారాలు నన్ను నేను ఒప్పించుకోవడానికి ప్రయత్నించాను.

నిర్ణయం మార్చింది మా అమ్మ. కర్ణాటక సంగీతం పాడే ఆవిడ ఒక సాయంత్రం మూడూ వరుసగా విని, "అన్నీ ఒకే బరువుగా ఉన్నాయి కదే, వినేవాళ్లకు ఊపిరి ఎక్కడ తీసుకోనిస్తావు?" అంది. కచేరీని వర్ణంతో మొదలుపెడితే గొంతు కుదురుకుంటుందని, ఒక గంభీరమైన కీర్తన పాడిన వెంటనే అలాంటిదే మరొకటి ఎత్తుకోరని చెప్పింది. నిజమే, రెండు సి మైనర్‌లు, ఆ తర్వాత ఒక జి మైనర్! ఎవరి పద్ధతిలో చూసినా అది లోపమే.

బాఖ్ స్థానంలో అదే సంపుటంలోని డి మేజర్ జంటను పెట్టాను. దాని ప్రెల్యూడ్‌లో కుడిచేయి చిన్న స్వరాలతో ఆగకుండా పరుగెడుతుంది కాబట్టి, వేదిక మీద చల్లబడిన వేళ్లకు అది నిజంగా వర్ణంలాగే పనిచేసింది. బలాడ్‌కు బదులు బ్రామ్స్ ఓపస్ (రచన సంఖ్య) 118లోని రెండోదైన ఎ మేజర్ ఇంటర్మెజో అనే చిన్న రచనను తీసుకున్నాను. 1893లో, జీవితం చివరి దశలో ఆయన రాసిన ఆ రచన ఆరు నిమిషాల్లో ముగుస్తుంది. వేగంతో పనిలేదు కాని, ఎఫ్ షార్ప్ మైనర్‌లో వచ్చే మధ్యభాగంలో పైస్వరం పాడినదాన్నే లోపలి స్వరం కొద్దిగా వెనుకగా అందుకుంటుంది. ఆ లోపలి గొంతు వినిపించేలా నొక్కడానికే నాకు ఆరు వారాలు పట్టింది.

పతెటిక్ మాత్రం మిగిలింది, అయితే అదీ పరీక్ష పెట్టింది. మా ఇంట్లో ఉన్నది అప్‌రైట్ పియానో (తీగలు నిలువుగా ఉండేది), పోటీలో ఉండేది గ్రాండ్ (తీగలు అడ్డంగా పరచి ఉండేది). ఒక సంగీత పాఠశాలలో గంటకు డబ్బు కట్టి గ్రాండ్ మీద వాయించినప్పుడు, దాని మెట్లు (కీలు) మా ఇంటి పియానో మెట్ల కంటే బరువుగా తగిలి, ఎడమచేతి ఆక్టేవ్ ట్రెమోలో (ఒకే స్వరం కింది, పై స్థాయిలను వేగంగా మార్చి మార్చి వాయించడం) సగంలోనే ముంజేయి రాయిలా బిగుసుకుపోయింది. ఎడమ పెడల్ కూడా కొత్తగా తోచింది. అప్‌రైట్‌లో అది సుత్తులను తీగలకు దగ్గరగా జరుపుతుంది అంతే. గ్రాండ్‌లో మెట్ల వరుస మొత్తం పక్కకు జరిగి, సుత్తి మూడు తీగలకు బదులు రెండింటినే తాకడంతో నాదం రంగే మారిపోతుంది. బ్రామ్స్‌లో దాన్ని ఎక్కడ వాడాలో ఆ గంటలోనే స్వరలిపి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

చేయి అలసట దృష్ట్యా ఎక్స్‌పోజిషన్ పునరావృతాన్ని వదిలేశాను. మొత్తం 16 నిమిషాలకు దిగింది. తక్కువైపోయిందేమోనన్న నా బెంగకు, నిబంధనల్లో పైహద్దు మాత్రమే ఉందని మేడమ్ పేజీ చూపించి గుర్తుచేశారు. దరఖాస్తులో మూడు పేర్లు, ఓపస్ సంఖ్యలు, నిమిషాలు నింపి, గడువుకు నాలుగు రోజుల ముందే పంపాను.

పోటీలో నాకు బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతలు చేతికిచ్చిన కాగితంలో బేతోవెన్ ట్రెమోలో తొందరపడిందని, బ్రామ్స్ మధ్యభాగంలో లోపలి స్వరం స్పష్టంగా వినిపించిందని రాసి ఉంది.