తలుపు పట్టుకున్నందుకు

డిసెంబర్‌లో ఒకరోజు తలుపు పట్టుకున్నందుకు తిట్లు తిన్నాను. తిట్లు అంటే మనవైపు తిట్లు కాదు, ఇక్కడ ఎవడూ గొంతు లేపడు, పక్కకి పిలిచి టీ కావాలా అని అడిగి మరీ అంటారు, అది ఇంకా మండుతుంది.

నేను డబ్లిన్‌లో ఒక డేటా సెంటర్‌లో చేస్తాను. మా ఊళ్ళో సాఫ్ట్‌వేర్ అనుకుంటారు గానీ కాదు, ర్యాకుల్లో సర్వర్లు పెట్టడం, పోయిన డిస్కులు మార్చడం, కేబుళ్ళు లాగడం, అదీ పని. ఆ రోజు హాల్లోకి పోతూ కార్డు గీకాను. వెనకాల ఒక పెద్దాయన, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు తాలూకు మనిషి, రెండు చేతుల్లో కేబుల్ చుట్టలు పట్టుకుని వస్తున్నాడు, మెడలో బ్యాడ్జి ఉంది, వారం నుంచి రోజూ చూస్తున్న మొహమే. తలుపు పట్టుకున్నాను. థాంక్స్ చెప్పి వచ్చేశాడు. అంతే జరిగింది. బరువుతో వస్తున్న ముసలాయన మొహం మీద తలుపేసే పెంపకం నాది కాదు, ఇది చదివేవాళ్ళలో కూడా ఎవరిదీ అయ్యుండదు.

గంట తర్వాత ఆయన పని ముగించుకుని బయటికి రాబోతే తలుపు తెరుచుకోలేదు. సిస్టమ్ లెక్కలో ఆయన అసలు లోపలికే రాలేదు, లోపలికి రానివాడు బయటికెలా పోతాడని కార్డు రీడరు ఎర్రలైటు వేసుక్కూర్చుంది. దీన్ని యాంటీ పాస్‌బ్యాక్ అంటారు. ఆయన మూడుసార్లు గీకి, విసుగొచ్చి పక్కనున్న ఆకుపచ్చ డబ్బా నొక్కేశాడు, అది ప్రాణం మీదకి వచ్చినప్పుడు నొక్కాల్సిన డబ్బా. అలారం, సెక్యూరిటీ వాళ్ళ పరుగులు. కెమెరా వెనక్కి తిప్పి చూస్తే నేను, తలుపు పట్టుకుని పళ్ళికిలిస్తూ, మగపెళ్ళివారిని లోపలికి పిలుస్తున్నట్టు.

"బ్యాడ్జి చూసే రానిచ్చాను" అన్నాను మా లీడ్‌తో. "నువ్వు చూశావు, తలుపు చూళ్ళేదు కదా" అన్నాడు. ఆ బ్యాడ్జి నిన్ననే రద్దయి ఉంటే నీకెలా తెలుస్తుంది అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, హాల్లో మంటలొస్తే నీళ్ళు కొట్టరు, గ్యాస్ వదుల్తారు, అప్పుడు లోపల ఎంతమంది ఉన్నారో కార్డుల లెక్క చూసే వెతుకుతారు, నువ్వు మర్యాద చేసిన మనిషి ఆ లెక్కలో లేడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ట్రైనింగ్ వీడియో మళ్ళీ చూడమన్నారు, అందులో బొమ్మ దొంగ ఒకడు చేతుల నిండా డోనట్ల పెట్టెలు పట్టుకుని వస్తాడు, మనలాంటివాడొకడు తలుపు తీస్తాడు. ఆ తలుపు తీసే బొమ్మని చూస్తే జాలేసింది.

నిజం చెప్పాలంటే నన్ను కాల్చింది రూలు కాదు. మూడేళ్ళుగా రోజూ పలకరించే మనుషులు ఒక్క మధ్యాహ్నంలో నన్ను 'ఇన్సిడెంట్' అనే కాగితంలోకి దింపేశారు, అదీ బాధ. తర్వాత మా లీడే క్యాంటీన్‌లో వచ్చి ఎదురుగా కూర్చుని 2021 సంగతి చెప్పాడు. ఆ ఏడు మార్చి 18న ఐర్లండ్ ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే ఆరోగ్య సేవల సంస్థలో ఎవరో మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. దొంగలు ఎనిమిది వారాలు చప్పుడు చెయ్యకుండా లోపలే తిరిగి మే 14న దేశం మొత్తం ఆసుపత్రుల కంప్యూటర్లకి తాళం వేశారు. డాక్టర్లు కాగితం, పెన్నుతో పని చేశారు, క్యాన్సర్ రోగుల రేడియేషన్ ఆగిపోయింది, అందులో వాళ్ళమ్మ కూడా ఉందట. ఆ ఫైలు తెరిచిన మనిషి కూడా మంచివాడే అయ్యుంటాడు అన్నాడు. నేను ఊరుకున్నాను. మనసులో మాత్రం వేరేది తిరుగుతోంది. 2024 జులై 19న కంప్యూటర్లకి కాపలా సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్ వాడి తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషీన్లు పడుకున్నాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, అప్పుడు లోపలికి దొంగ ఎవడూ రాలేదు, కాపలా ఉండాల్సినవాడే గుమ్మానికి అడ్డంగా పడ్డాడు. ఆ కంపెనీ ఇంకా దర్జాగా నడుస్తోంది. నేను తలుపు పట్టుకుంటే మాత్రం వీడియో.

సంక్రాంతికి ఊరొచ్చాను. మాది పలాసకీ మందసకీ మధ్య, ఉద్దానం. అరుగు మీద ఈ కథ చెప్తే మా చిన్నాన్న నవ్వలేదు, ఆయన కథ ఆయనకుంది. అంతకు ముందు ఏడు సీబీఐ అని వీడియో కాల్ వచ్చింది, నీ ఆధార్ మీద పార్సిల్ దొరికింది, నువ్వు డిజిటల్ అరెస్టు, గది తలుపేసుకో, ఎవరికీ చెప్పకు అన్నారు. ఈ మోసం గురించి 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లోనే చెప్పాడు, 1930కి ఫోన్ చెయ్యమని ఎక్కడ చూసినా రాస్తున్నారు, అయినా యూనిఫాం చూసేసరికి ఆయన వణికిపోయాడు. తలుపేశాడు గానీ ఆ గదికి గడియ పడదు, తిత్లీ తుఫానుకి నాని ఉబ్బిన చెక్క అది, ఇప్పటికీ అంతే. పక్కింటి అత్త చింతపండు కోసం తిన్నగా ఆ గదిలోకే వచ్చేసింది. ఫోన్లో పోలీసుని చూసి "ఈడెవుడు? మనోడేటి?" అని చేతిలోంచి లాక్కుని కట్ చేసేసింది. డబ్బులు ఇంకా పంపలేదు, బతికిపోయాడు.

ఇది మా లీడ్‌కి చెప్పాలని ఎంత ఉబలాటపడ్డానో. చూడు, అడగకుండా లోపలికొచ్చే మనిషి వల్లే మా ఇల్లు నిలబడింది, నీ లెక్కలో ఆవిడది టెయిల్‌గేటింగ్, అంటే కార్డు గీకకుండా దూరిపోవడం అవుతుంది.

కానీ ఆ వారంలోనే వైజాగ్‌లో మా బావ ఫ్లాటుకి పోతే ఇంకోటి చూశాను. మేం కార్లో వెళ్ళాం, వాచ్‌మన్ లేచి నిలబడి గేటు తీశాడు, ఎవరు, ఏ ఫ్లాటు అని ఒక్క మాట అడగలేదు. మా వెనకే సైకిల్ మీద పాలబ్బాయి, రోజూ వచ్చేవాడే, వాణ్ణి ఆపి రిజిస్టర్లో రాయించాడు. పదేళ్ళ కిందట ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అలాంటి గేట్ల దగ్గర నేనూ చాలా రిజిస్టర్లలో రాశాను. డబ్లిన్‌లో మా సైటుకి పెద్ద డైరెక్టర్ వచ్చినా కార్డు గీకాలి, మర్చిపోతే రిసెప్షన్‌లో కూర్చోవాలి, కూర్చోవడం నేను చూశాను కూడా. ఈ ముక్క ఒప్పుకోడానికి నాకు నెల పట్టింది, ఇప్పటికీ సగమే ఒప్పుకున్నాను.

అరుగు మీద అసలు ప్రశ్న వేరే. "గూగులోడు వైజాగులో పెడతన్నాడంట కదా, వచ్చీరా మరి." గూగుల్ డేటా సెంటర్ సంగతి అది, 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు, గిగావాట్ లెవెల్లో. రావాలని నాకు లేదా? భోగాపురం ఎయిర్‌పోర్టులో దిగితే మూడు గంటల్లో ఇంట్లో ఉంటాను. కానీ వాళ్ళ పిల్లలందరికీ లోపల ఉద్యోగాలొచ్చేస్తాయని అనుకుంటుంటే ఏం చెప్పను, కట్టేటప్పుడు వేలమంది ఉంటారు, కట్టాక మా హాళ్ళలో రాత్రి షిఫ్టుకి నలుగురం, మిగతాదంతా ఫ్యాన్ల హోరు. తినేది మాత్రం కరెంటు. ఐర్లండ్‌లో మీటర్లలో తేలిన కరెంటులో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం, 2023కి 21 శాతం, అంటే పట్నాల్లో ఇళ్ళన్నీ కలిపి వాడినదానికంటే ఎక్కువ. గ్రిడ్ వాళ్ళు భయపడి డబ్లిన్ చుట్టుపక్కల కొన్నేళ్ళు కొత్తవాటికి లైన్లు దాదాపు ఆపేశారు, ఇప్పుడు మీ కరెంటు ఏర్పాటు మీరు చూసుకుని రండి అంటున్నారు. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను రాత్రి నేను షిఫ్టులో ఉన్నాను, దేశంలో 7,68,000 కనెక్షన్లకి కరెంటు పోయింది, పడమటి ఊళ్ళలో కొందరికి రెండు వారాలు రాలేదు, మా హాల్లో ఒక్క లైటు కూడా రెప్ప వెయ్యలేదు. డీజిల్ జనరేటర్లు వెచ్చగా రెడీగా ఉన్నాయి. 2018లో తిత్లీకి మా అమ్మ ఎన్ని రాత్రులు దీపం బుడ్డితో గడిపిందో గుర్తొచ్చి ఆ చల్లగాలిలో అదోలా అయిపోయింది.

అయినా కరెంటు సంగతి మా జిల్లాకి ఒకరు చెప్పాలా. సోంపేటలో థర్మల్ కరెంటు ప్లాంటు వద్దని, బీల అనే చిత్తడి నేల కోసం 2010లో కాల్పుల్లో మనుషులు పోయారు, మరుసటేడు కాకరాపల్లిలో మళ్ళీ. కొవ్వాడలో 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామని ఎన్నేళ్ళుగానో అంటున్నారు. ఇదంతా చెప్తే "అయితే వద్దంటావేటి?" అన్నాడు చిన్నాన్న. వద్దనట్లేదు, ఆ కరెంటు, నీళ్ళు ఎక్కడివో గేటు దగ్గరే అడగమంటున్నాను. "కార్లో వచ్చినోడిని ఎవుడడుగుతాడ్రా" అన్నాడు.

తిరిగొచ్చాక మొన్న అమ్మకి గ్యాస్ బుక్ చెయ్యాల్సొచ్చింది. యాప్ మళ్ళీ లాగిన్ అడిగింది, ఓటీపీ అమ్మ ఫోన్‌కి పోయింది. ఫోన్ చేసి నంబర్ చెప్పమన్నాను.

"నానెందుకు సెప్తాను. ఎవులికీ సెప్పొద్దని నువ్వే కదా సెప్పినావు."

"నేనేనమ్మా."

"గొంతులు కూడా దింపీస్తన్నారంట, టీవీలో సూపించినారు. నువ్వే అయితే మన జీడితోటలో బావి పక్కన ఏటుందో సెప్పు."

"పనస చెట్టు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "పనసెక్కడుందిరా బావూ, తిత్లీకి పడిపోనేదా."

అంతలో ఓటీపీ టైం అయిపోయింది. మళ్ళీ పంపించాను.