మంగళవారం, తొమ్మిది ప్రశ్నలు

ఇవాళ కూడా మా అబ్బాయి మూడింటికే లేచాడు. హాల్లో ఫ్యాన్ స్విచ్ వేయడం, తీయడం, మళ్లీ వేయడం. నాలుగున్నరకి ఇక నేనే లేచి పాలు పెట్టాను. మా ఇంట్లో కుక్కర్ అటకెక్కి రెండేళ్లయింది. విజిల్ వినపడితే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకుంటాడు, అందుకని అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తాను. మిక్సీ వాడు స్కూలుకి వెళ్లాకే. ఇవి కష్టాలని రాయట్లేదు, అలవాటైపోయాయి.

రాయాలనుకున్నది వేరే. పోయిన వారం స్పీచ్ థెరపీ గది బయట కూర్చుని, ఏ కారణం లేకుండా, నీళ్ల సీసా మూత రాలేదని ఏడ్చాను. పక్క కుర్చీలో ఇంకో పిల్లాడి అమ్మ. ఏమీ అడగలేదు, సీసా తీసుకుని మూత తీసిచ్చింది, అంతే. థెరపిస్ట్ మేడమ్ మాత్రం చూసి, "ఒకసారి సైకియాట్రిస్ట్‌ని కలవండమ్మా" అంది. ఇవాళ వెళ్లాను.

డాక్టరమ్మ ఒక కాగితం తీసింది. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించిందీ అని. నాకు ఫారాలు కొత్త కాదు. వాడి ఆటిజం సర్టిఫికెట్ కోసం, అదెంత ఉందో కొలవడానికి చేసిన ఐసా పరీక్షలో 40 అంశాలుంటే తడుముకోకుండా అన్నిటికీ జవాబు చెప్పినదాన్ని. తొమ్మిదెంతలే అనుకున్నాను.

నిద్ర ఎలా ఉంది అంటే "మూడింటికి లేస్తాడు మేడమ్" అన్నాను. ఆకలి? "పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు." ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "మీ గురించమ్మా నేను అడుగుతున్నది" అంది. నిజంగా నోట మాట రాలేదు. నాకు ఆకలేస్తోందా? వాడు వదిలేసిన ప్లేటు తినడమే గుర్తుంది గానీ.

ఆరో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాను. మీరు పనికిరానివారని, ఇంట్లోవాళ్లకి అన్యాయం చేశారని అనిపించిందా అని. అనిపించకుండా ఎవరుంచారు! ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టావు, అందుకే అని పై ఫ్లాట్ ఆంటీ లిఫ్ట్‌లో అంటుంది. కడుపుతో ఉండి ఉద్యోగానికి వెళ్లావని అత్తయ్య నేరుగా అనరు, చుట్టాలతో అంటారు. అమెరికాలో ఒకప్పుడు డాక్టర్లే తల్లి ప్రేమ చూపించకపోవడం వల్ల ఆటిజం వస్తుందనేవారు, "ఫ్రిజ్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్, ఆయన కొడుక్కీ ఆటిజమే, అది తల్లి పెంపకం వల్ల కాదు, మెదడుకి సంబంధించినదని 1964లోనే పుస్తకం రాశాడు. అరవై ఏళ్లు దాటినా ఆ కబురు మా లిఫ్ట్ దాకా రాలేదు.

తొమ్మిదోది చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని. లేదు అన్నాను. నా భయం దానికి తలకిందులు. నేను పోతే వీడికి అన్నం ఎవరు పెడతారు, అదీ గిన్నెలో వండి. థెరపీ గది బయట కూర్చునే అమ్మలందరం అనుకునేది అదే, వీళ్లకన్నా ఒక్కరోజు ఎక్కువ బతకాలని. ఏ తల్లీ కోరకూడని కోరిక అది, మేం మాత్రం టిఫిన్ డబ్బా మూత పెడుతూ మామూలుగా అనేసుకుంటాం. అది చెప్తే డాక్టరమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చీటీ వెనక 14416 అని రాసిచ్చింది. టెలి మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఏ రాత్రైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు అంది. మళ్లీ రెండు వారాలకి రమ్మంది.

27కి 14 వచ్చింది. మధ్యస్థంగా డిప్రెషన్ అట. రాత్రి మా ఆయనకి చెప్తే, "పాసే కదా" అన్నారు. కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆయనకీ నవ్వొచ్చింది గానీ వెంటనే ఆపేశారు. కాసేపటికి, శనివారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా వాడిని నేను చూసుకుంటాను, నువ్వు ఎక్కడికైనా వెళ్లు అన్నారు. ఏం చేస్తావు ఆ రెండు గంటలు అని అడిగారు.

వాడికి చెప్పులు కొనాలి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.