ఆకు పండితే ముందు కుండీ ఎత్తి చూడండి

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ఆకు పండినా ముందు జరిగే పని, ఇంకో చెంబు నీళ్ళు పోయడం. ఆ తర్వాత గుప్పెడు ఎరువు వేయడం. ఈ రెండు పనులూ కాస్త ఆపి చెట్టును సరిగ్గా చూస్తే చాలా చెట్లు బతుకుతాయని నా గట్టి నమ్మకం. నేను తిరుపతిలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తాను. పరీక్ష చేయకుండా మందు వేయడం నాకు ఏ విషయంలోనూ నచ్చదు. చెట్టు విషయంలో అసలే నచ్చదు, ఎందుకంటే అది నోరు తెరిచి చెప్పలేదు.

మా కింది ఫ్లోర్‌లో ఉండే అత్త (బంధువు కాదు, అందరం అట్లే పిలుస్తాం) ఈమధ్య తన కరివేపాకు చెట్టు చూపించింది. హాల్లో కిటికీ పక్కన పెద్ద ప్లాస్టిక్ కుండీలో ఉంది. "పాపా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు పోస్తానే ఉండాను. అయినా ఆకులు పండి రాలిపోతా ఉండాయి, ఏమైందో చూడుమా" అంది. నేను ఆకు ముట్టుకోలేదు. కుండీని రెండు చేతులతో ఎత్తబోయాను. కదల్లేదు, అంత బరువు. మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా దించితే లోపల బురద. కింద ప్లేటులో నీళ్ళు నిలిచి ఉన్నాయి, పులిసిన వాసన వస్తోంది. పేపర్ పరిచి చెట్టును బయటికి తీశాం. మధ్యలో నల్లటి బంకమట్టి ముద్ద, దాని చుట్టూ అత్త తెచ్చి వేసిన కొబ్బరి పొట్టు. వేరును రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు నానిన వేరుశనగ పొట్టులా జారి చేతికి వచ్చింది, లోపల సన్నటి దారం మిగిలింది. బతికున్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి జిగటగా ఉంటే అది కుళ్ళిన వేరే.

ఆ బంకమట్టి గురించి చెప్పాలి. మన ఊరి నర్సరీల్లో అమ్మే మొక్కలు చాలా వరకు తూర్పు గోదావరి జిల్లా కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. దారిలో వేరు కదలకుండా, తడి ఆరకుండా అక్కడి మట్టి ముద్దతో కట్టి పంపుతారు. ప్రయాణానికి అది మంచిదే. ఆ ముద్దను అలాగే కుండీలో దించితే మాత్రం, చుట్టూ ఉన్న పొట్టు ఆరిపోయినా ముద్దలో తడి ఆరదు. పైన చూస్తే పొడిగా ఉంటుంది కాబట్టి మనం మళ్ళీ పోస్తాం. నీళ్ళు నిండిన మట్టిలో గాలి ఉండదు. గాలి లేని వేరు నీటిని కూడా పైకి పంపలేదు. అందుకే ఎక్కువ నీళ్ళు తాగిన చెట్టు దాహంతో ఉన్న చెట్టులాగే వాడిపోయి కనిపిస్తుంది, మనల్ని మోసం చేస్తుంది. తేడా ఆకులో ఉంది. నీళ్ళు ఎక్కువైతే ఆకు మెత్తగా పండి, ముట్టుకుంటే రాలుతుంది. తక్కువైతే అంచు నుంచి ఎండి గలగలమంటుంది.

అత్త చెట్టుకు కుళ్ళిన వేర్లు కత్తిరించి, ముద్దను మెల్లగా విప్పి, ఎర్రమన్ను, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మార్చాం. కొమ్మలు కూడా కొంచెం తగ్గించాం, మిగిలిన వేర్లు అన్ని ఆకులను మోయలేవు కదా. ప్లేటు తీసేయమన్నాను. ఎరువు నీళ్ళు ఇప్పుడే వద్దని రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే అత్త చేతిలో అప్పటికే యూరియా డబ్బా ఉంది.

వేరు బాగుండి, మట్టిలో తడి సరిగ్గా ఉండి కూడా ఆకు పండుతుంటే, అప్పుడు పసుపు ఎక్కడ మొదలైందో చూడాలి. కింది ముదురాకులోనా, పైన లేతాకులోనా? నా లెక్కలో ఈ ఒక్క ప్రశ్నకు ఉన్న విలువ పది మందు సీసాలకు లేదు. నత్రజని చెట్టులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలగలదు. కొరత వస్తే చెట్టు దాన్ని ముదురాకులోంచి లాగి చిగురుకు పంపుతుంది. అందుకే కింది ఆకు మొత్తం ఒకే తీరుగా పాలిపోయి పండుతుంది. మెగ్నీషియం కూడా కదిలేదే, కానీ దాని కొరతలో ముదురాకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రం పసుపు తిరుగుతుంది. పొటాష్ తక్కువైతే కింది ఆకుల అంచులు మాడతాయి. ఇనుము అట్లా కదలదు. ముదురాకులో ఉన్నది అక్కడే ఉండిపోతుంది, చిగురుకు అందదు. కాబట్టి లేతాకు పసుపుగా, ఈనెలు సన్నటి పచ్చ గీతల్లా కనిపిస్తే ఇనుము అందడం లేదని అర్థం.

మన దగ్గర బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో ఈ చివరిది ఎక్కువ కనిపిస్తుంది. మట్టిలో ఇనుము లేక కాదు. ఉప్పదనం, సున్నపు గుణం ఉన్న నీళ్ళు రోజూ పోస్తుంటే మట్టి క్షార గుణానికి తిరుగుతుంది, ఇనుము ఉన్నా వేరుకు దొరకదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. కానీ నీళ్ళు మార్చకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి, దయచేసి ఆర్ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్ళు కుండీలకు పోయకండి. వృథా చేయకూడదని మనసు పీకుతుంది, నాకూ పీకుతుంది. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధుల్లో ఉన్నవాళ్ళం. కానీ ఆ ఫిల్టర్ చేసే పనేంటో ఆలోచించండి. ఒక బకెట్టులో సగం మంచినీళ్ళుగా బయటికి వస్తే, ఆ బకెట్టు ఉప్పంతా దాదాపుగా మిగిలిన సగంలోనే ఉంటుంది. నేలలో ఉన్న చెట్టయితే వానకు కొట్టుకుపోతుంది. కుండీలో ఎక్కడికి పోతుంది? మట్టి మీద, కుండీ అంచుకు తెల్లటి పొర కడుతుంది, ఆకు కొసలు మాడతాయి, తర్వాత ఆకులు రాలతాయి. ఆ నీళ్ళతో బండలు కడుక్కోండి, బాత్రూంకు వాడండి. చెట్లకు కార్పొరేషన్ కుళాయిలో కళ్యాణి డ్యాం నీళ్ళో కండలేరు నీళ్ళో వచ్చిన రోజున పట్టిపెట్టుకోండి. తెల్లపొర ఇప్పటికే ఉంటే పైమట్టి ఒక అంగుళం తీసేసి, కింది రంధ్రంలోంచి ధారగా కారిపోయేదాకా మంచినీళ్ళు పోయండి. అక్టోబరు, నవంబరు వానల్లో కుండీలు బాల్కనీ అంచుకు జరిపితే ఇంకా మంచిది. వాననీటిని మించిన మందు నేను చూడలేదు.

ఏసీ గదిలో పెట్టిన చెట్లది వేరే కథ. ఆకు మీద దుమ్ము పడ్డట్టు సన్నటి పసుపు చుక్కలుంటే ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి. రాలిన చుక్కలు కదులుతుంటే అవి నల్లి (మంచంలో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే సన్నటి పురుగు). పొడిగాలిలో, వేడిలో అవి తొందరగా పెరుగుతాయి. మొదట ఆకుల అడుగుభాగాన్ని నీళ్ళతో గట్టిగా కడగండి. ఆ తర్వాతే నీళ్ళలో కొంచెం వేపనూనె, కొంచెం సబ్బు కలిపి కొట్టండి, అదీ ఎండ తగ్గాక.

నర్సరీ నుంచి తెచ్చిన వారానికే ఆకులు జలజలా రాలితే కంగారుపడకండి, ముఖ్యంగా ఫైకస్ (మర్రి, రావి జాతి) రకాలు. వెలుతురు మారితే అవి పాత ఆకులు వదిలేస్తాయి. చోటు మార్చకుండా, నీళ్ళు తగ్గించి ఊరుకోండి. రోజుకో గదికి తిప్పితే మళ్ళీ రాలుస్తుంది.

ఒకసారి పూర్తిగా పండిన ఆకు మళ్ళీ పచ్చబడదు. అది చూసి మందు పనిచేయలేదనుకోవద్దు, చిగురు వంక చూడండి. ఇక కరివేపాకు పెంచేవాళ్ళకు ఒక మాట. డిసెంబరు, జనవరి చలిలో అది ఎదుగుదల తగ్గించి కొన్ని ఆకులు దానంతట అదే రాలుస్తుంది. వేరు గట్టిగా ఉండి, కొమ్మను గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటే దానికి రోగం లేదు. నీళ్ళు సగానికి తగ్గించండి, ఎరువు శివరాత్రి దాటి ఎండ ముదిరాక వేయండి. అత్తకు కూడా ఇదే చెప్పి, యూరియా డబ్బా మా ఇంటికి తెచ్చుకున్నాను.