యూరియాకు రాయితీ ఉంది, జీవామృతం కలిపే చేతికి లేదు

వేపపూత యూరియా 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది. అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. ఆ తేడాను కేంద్రం కంపెనీలకు చెల్లిస్తుంది. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత రాయితీ విధానం (పోషకానికి ఇంత అని రాయితీని కట్టేసి, ధరను కంపెనీలకు వదిలే పద్ధతి) తెచ్చినప్పుడు యూరియాను దాని పరిధిలోకి తేకపోవడంతో, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ, పొటాష్ ఎరువుల ధరలు పైకి పోగా యూరియా ధర దాదాపు ఉన్నచోటనే ఉండిపోయింది. నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో ఉండాలని అధికారులు ఎంత చెప్పినా, చేతిలో ఉన్న డబ్బుకు ఏది ఎక్కువ వస్తుందో చూసుకునే రైతును తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి, ప్రధానంగా మహిళా సంఘాల ద్వారా, రసాయనాలు లేని ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేస్తోంది. అందులో రసాయన ఎరువుకు బదులు నేలకు పోసే ద్రవజీవామృతం తయారీనే చూడండి. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు పోసి, పది కిలోల ఆవు పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి వేసి, నీడన ఉంచి, రెండు రోజులు పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. ఆపైన వడగట్టి ఎకరం పొలానికి అందించాలి, పైరు ఉన్నంతకాలం మళ్లీ మళ్లీ చేయాలి. సరుకుల ఖర్చు స్వల్పమే. ట్రాక్టర్లు వచ్చి కొట్టాలు ఖాళీ అయిన ఊళ్లో పేడ ఎక్కడి నుంచి తేవాలన్నది ఒక చిక్కైతే, తిప్పే మనిషి కూలి అంతకంటే పెద్ద చిక్కు. ఇంటి ఆడవాళ్లు చేస్తే అది ఖర్చుగా ఎవరి లెక్కలోకీ రాదు, అందుకే ఈ సేద్యం చౌక అనిపిస్తుంది.

2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్ మొత్తం వ్యయం 2,481 కోట్ల రూపాయలు. 2024–25 బడ్జెట్‌లో ఎరువుల రాయితీకి కేటాయించినది సుమారు 1.64 లక్షల కోట్లు. అలాగని రాయితీని ఒక్కసారిగా ఎత్తేయాలని నేను అనను. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే నిషేధించి, పంటలు దెబ్బతిన్నాక, ఆ ఏడాది నవంబర్‌లోనే వెనక్కి తగ్గింది. యూరియా రాయితీలో మిగిలే ప్రతి రూపాయినీ అదే రైతుకు కూలి ఖర్చుగానో, పశుపోషణ సాయంగానో ముందే చేతికిస్తే మార్పు నిలబడుతుందని నా అభిప్రాయం.

అయితే ఆ రూపాయి ఎవరి ఖాతాలో పడాలి? 2018 నుంచి అమలులో ఉన్న పద్ధతిలో ఎరువు కొనడానికి ఆధార్, వేలిముద్ర చాలు (కొరత వచ్చినప్పుడు పాస్‌బుక్ అడగడం వేరే కథ). ఎకరానికి ఇంత అని డబ్బిచ్చే పథకాలు మాత్రం భూమి కాగితాల చుట్టూ తిరుగుతాయి. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు సాగుదారుగా గుర్తించే కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి, ఆ ఒప్పందం గడువు పదకొండు నెలలే. నేల సారం కోలుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. వచ్చే ఏడాది ఆ చేను తనకే దక్కుతుందో లేదో తెలియని కౌలుదారు ఈ ఏడాది వేసేది యూరియానే.